స్త్రీలింగం, ఏకవచనం

రాసేటప్పుడు వేల, పలికేటప్పుడు బేల.
పెదాలు గట్టిగా మూయకు, గాలి ఆపకు,
నోట్లో వేడి అన్నం ముద్ద ఉన్నట్టు పలుకు, అన్నాడు
ఓడ వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతూ ఎస్తేబాన్.
ఈక్వడార్ మనిషి. ఆ కన్నీళ్లు ఉల్లివే.
పిండి మరకల నోటుబుక్కులో రాసుకున్నాను:
లా వేల. స్త్రీలింగం, ఏకవచనం.
మొదటి అర్థం కొవ్వొత్తి.

బారువ తుఫాను షెల్టర్లో ఇది రెండో రాత్రి.
సోంపేటలో కొన్న పాకెట్లో మిగిలినవి రెండు.
రెండు కొవ్వొత్తుల దగ్గరున్నాడంటే
చేతిలో చిల్లిగవ్వ లేదని, వాళ్ల వాడుక.
మాకది వాడుక కాదు, లెక్క.
ఒకటి వెలిగించి, రెండోది
బియ్యం సంచిలో దాచాను.

రెండో అర్థం తెరచాప.
అర్థం కాలేదనుకుని ఎస్తేబాన్
తువ్వాలు రెండు చేతుల్తో పట్టుకుని ఉఫ్ మని ఊదాడు.
నవ్వొచ్చింది.
తుమ్మబెరడు కషాయంలో ముంచిన మా తాత చాప
దూలానికి చుట్టలా వేలాడేది.
ఇంజన్లొచ్చాక దాని మీద మా అత్త మిరపకాయలు ఎండేసింది.
మా మాటలోనూ రెండున్నాయి బాబూ,
తెర అంటే అల, తెర అంటే అడ్డు, అని చెబుదామంటే
నాకొచ్చిన స్పానిష్ ఉప్పు దగ్గరే ఆగిపోయింది.

నూకయ్య పడవ రాలేదు.
నలుగురు. అందులో దాలమ్మ కొడుకొకడు.
ఫోన్లు మోగడం మానేసి చాలాసేపయింది.
అర్ధరాత్రి ఏ మూల నుంచో
పేర్లు పెట్టి ఏడుపు మొదలయింది.
దాలమ్మ లేచి నిలబడింది.
"ఎవులే అది? నా బిడ్డ సచ్చిపోనాడని
నీకేటైనా సీటీ వొచ్చిందేటే?
నోరు మూసుకోని తొంగో."

నోటుబుక్కు, పదకొండో పేజీ, వాడుక:
ఈ చావులో నీకు కొవ్వొత్తి ఎవరిచ్చారు?
అక్కర్లేని ఊసులో దూరినవాళ్లని అలా అడుగుతారట.
ఏ పేజీ తిప్పకుండానే దాలమ్మ
సరిగ్గా వాడింది.

మూడో అర్థం చూపించడం ఎస్తేబాన్‌కి కష్టమయింది.
రెండు వేళ్లతో తన కనురెప్పలు పైకెత్తి పట్టుకున్నాడు.
మత్తా? తల అడ్డంగా ఊపాడు.
గుడ్డితనమా? కాదు.
గోడకంటించిన ఫొటోలో పిల్లని చూపించి,
నుదుటి మీద చెయ్యి వేసి, జ్వరం అన్నాడు,
తెల్లారేదాకా అన్నాడు,
మిగతా వాక్యం చెప్పకుండా పొయ్యి మంట తగ్గించాడు.

పసార్ లా నోచే ఎన్ వేల.
రాత్రంతా కునుకు లేకుండా గడపడం.
నోచే అంటే రాత్రి.
మా ఆడోళ్లు నోము నోచే రాత్రిలోనూ
అదే శబ్దం ఉందని ఇప్పుడే గమనించాను,
దాలమ్మ కిటికీ చువ్వ వదలకపోవడం చూసి.
ఆవిడ ఉపవాసమూ కాదు, నోమూ కాదు.
టీ ఇస్తే తాగింది. పంచదార తక్కువైందంది.

తెల్లవారి గాలి దక్షిణానికి తిరిగింది.
మహేంద్రతనయ కడలిలో కలిసే చోట
నీళ్లు ఇంకా ఎర్రమట్టి రంగే.
అవతల ఏదో తెల్లగా, పచ్చగా, ఊగుతూ.
ఇంజన్ పోయినట్టుంది. తెడ్డుకి కట్టిన ఫ్లెక్సీ:
ఎవరిదో పిల్లాడి మొదటి పుట్టినరోజు,
తలకిందులుగా శుభాకాంక్షలు,
బుగ్గల నిండా గాలి.

ఒకటి, రెండు, మూడు తలలు.
ఎండ కళ్లలో పడింది. మళ్లీ మొదట్నుంచి లెక్క.

"వేలా" అని గట్టిగానే అన్నట్టున్నాను.
"యేళ ఎంతయితే నీకెందుకురా," అంది దాలమ్మ,
"తాడు పట్టుకురా."

బహువచనం లాస్ వేలాస్.
దానికి ఇంకో అర్థం చివరి పేజీలో, పెన్సిల్‌తో:
చిన్నపిల్లల ముక్కు కింద జారే రెండు పాయలు.
దాలమ్మ మనవడు ఆవిడ కుచ్చిళ్లు పట్టుకుని నిలబడ్డాడు.
ఆవిడ సముద్రం మీంచి చూపు తిప్పకుండా
కొంగుతో తుడిచింది,
ఆ రెండూ.