క్యాంపు నీళ్ళు

పలక గుర్తు మీద గెలిచాను, పదకొండు ఓట్ల తేడా.
ఓటుకు పైసా పంచలేదు,
నీతి కాదు, లేక.
మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో
పన్నెండేళ్ళు చట్రాలు బిగించిన చేతులు
మేకు దిగిన మచ్చతో సహా
కరపత్రం మీద అచ్చేయించాడు మా ఆయన.

గెలిచిన మూడోనాటి రాత్రి బస్సొచ్చింది.
ఏసీ. కిటికీలకు పరదాలు.
ఎక్కేటప్పుడే ఫోన్లన్నీ సంచిలో వేయించుకున్నారు.
ఎంపీటీసీలం ఏడుగురం,
పెళ్ళికి తరలినట్టే ఉంది,
పెళ్ళికూతురెవరని ఎవరూ అడగలేదు.

కొడైకెనాల్లో చలి.
దిండు కింద కవరు ఎవరు పెట్టారో నేను చూడలేదు.
చూడలేదనే చెబుతాను,
ఎవరడిగినా.

తిరిగొచ్చి మండలాఫీసు హాల్లో చెయ్యెత్తాను.
ఒక్క అబద్ధమూ ఆడలేదు.
నోరే తెరవలేదు.
ఆఫీసరు చేతులు లెక్కబెట్టి
ఏడు అని పెన్నుతో రాసుకున్నాడు.
తడిగుడ్డతో పోయే రాతల మధ్య బతికినదాన్ని,
ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు మా ఊరికి ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తోంది.
ఇదివరకు వారానికొకటి, అదీ నమ్మకం లేదు.
బిందెల వరసలో జనం నన్ను చూసి నవ్వుతున్నారు.
నిజంగానే నవ్వుతున్నారు,
అదే నాకు గొంతు దిగడం లేదు.

నిన్న గాలెమ్మత్త
ఫ్లోరైడుకు బిగిసిన మోకాళ్ళు చేత్తో జరుపుకుంటూ
నా పక్కకొచ్చి అడిగింది:
"అంత దూరం పోయొచ్చావంట గదమ్మే,
ఆడ నీళ్ళు ఎట్టుండాయి?"

తియ్యగా ఉన్నాయత్తా, అనబోయి
ట్యాంకరు పైపు సర్దడానికి లేచాను.