పురుగుల కాపరి

బర్కా దాటినంక సముద్రం దిక్కు కాదు,
రాళ్ళ గుట్టల దిక్కు మళ్ళితే రేకుల షెడ్డు.
బోర్డు మీద ఆకు బొమ్మ, పచ్చగ.
లోపలికొచ్చినోడికే తెలుస్తది అది ఆకు కాదని.

రాత్రి పదకొండింటికి మస్కట్ హోటళ్ళ బండి ఒస్తది.
రంజాన్ నెలల రెండు బండ్లు.
షఫీకుల్ మూత తీస్తడు, నేను పార అందుకుంట.
కొరకని ఖుబూస్, గరిటె తగలని హరీస్,
కుంకుమపువ్వు అన్నంల పండుకున్న గొర్రె తొడ,
ఒకనాడు పుట్టినరోజు కేకు గూడ,
సగం పేరు మిగిలి ఉన్నది దాని మీద.
ఎవరి పేరో షఫీకుల్ కూడబలుక్కుంటుంటెనే
మిషన్ గుంజుకున్నది.

ఒక్కోపాలి సీలు ఇప్పని డబ్బా దొరుకుతది, ఇంకా ఎచ్చగ.
తినొద్దని కాగితం మీద సంతకం పెట్టినం.
వాడు నా మొకం చూస్తడు, నేను కెమెరా మొకం చూస్త.
గంతే.

జావ అయినంక తొట్లల్ల పోసి
మీద చిటికెడు గుడ్లు.
చిటికెడంటే నలభై వేల నోళ్ళు.

మెతుకు పారేస్తె పురుగై పుడ్తవ్ బిడ్డా
అని మా అవ్వ కంచం ముందట బెదిరిచ్చేది.
అవ్వ మాటే నిజమైతే
ఈ తొట్లల్ల ఉన్నది పెద్ద పెద్దోళ్ళే.
అప్పుడు ఇడిసిపెట్టింది ఇప్పుడు తింటున్నరు,
గింజ ఇడవకుంట.

మారిసెల్ మేడం, మనీలా దిక్కు పిల్ల, చెప్పింది:
రెక్కలొచ్చిన ఈగ ఏం తినదట.
ఎలుగుల ఎగిరి, జోడు గూడి, గుడ్లు పెట్టి, సచ్చిపోతది.
బతుకంతటికి సరిపోయే తిండి
పురుగున్నప్పుడే తినుడట.
ఆ ముచ్చట నేను రెండు రోజులు నమిలిన.

జైనథ్‌ల నాది నాలుగెకరాల పత్తి.
కాయ పగలగొడితే లోపల గులాబి రంగుల
పట్టు బట్ట కట్టుకున్నట్టు పండుకొని ఉండేది.
దాన్ని చంపనీకి ఆరేండ్లు మందు కొన్న, ఉద్దెరకు.
పురుగు సావలే.
బాకీ మాత్రం పిల్లల్ని పెట్టింది.

ఆ బాకీ తీర్చనీకి ఈడికొచ్చి
పురుగులను సాదుతున్న.
వీటికి ఇరవై ఎనిమిది కంటె ఎక్కువ ఎండ తగలొద్దు.
కాంట ఇటు కదిలితె అటు ఫోన్లు మోగుతయి.
మా రూంల ఏసీ మే నెలల సెడిపోయింది,
జూన్ అయితున్నది.

పన్నెండో రోజు నల్లబడుతయి, తినుడు బంద్.
పక్కనున్న వాలు పలక ఎక్కుడు షురువు జేస్తయి.
ఎవ్వరు తోలరు.
చీకటి జాగ ఎతుక్కుంట, ఒకదాని మీదికెళ్ళి ఒకటి,
ఎక్కి ఎక్కి, ఆఖరుకు బకెట్‌ల పడ్తయి.
బకెట్ కెళ్ళి కోళ్ళకు, చేపల చెరువులకు.
తప్పిచ్చుకుంటున్నమనుకునే ఎక్కుతయి గావచ్చు.
నేను గూడ ఏజెంటుకు లక్షా ఇరవై కట్టి
ఎక్కినోన్నే.

ఏం పని జేస్తవయ్యా అని గంగామణి అడిగితే
ఏడాది దాక దాణా కంపెనీ అన్న.
అబద్ధం కాదు.
నిన్న రాత్రి మనసు ఉండబట్టక
వీడియో కాల్‌ల తొట్టి చూపిచ్చిన.
దగ్గరికి పెట్టుకొని చూసింది.
"అయ్యో, ఇవా!
మన బర్ల కొట్టం ఎనక పెంటకుప్పల ఉండయా?
పొద్దుగాల్నే కట్టెతోని తవ్వి కోళ్ళను పిలుస్త.
గీ పురుగుల కోసం ఇమానం ఎక్కినవా?"
నవ్వింది. నేను గూడ.
భాష రాని షఫీకుల్ గూడ.

నవ్వు ఆగినంక
ఫోను తొట్టి మీద ఆనిచ్చిన,
అవి తినే సప్పుడు ఇననీయని.
శానసేపు ఉలుకూ పలుకూ లేదు.

"ఆడ వాన పడ్తున్నదా?" అన్నది.
"మన దిక్కు ఇంకా సుక్క లేదు.
ఇత్తనాలు కొని పెట్టిన."