ఒక కంకి తక్కువ

రాజేంద్రనగర్‌ల సర్కారు పొలం.
ముళ్లకంచె లోపల ఇనుప జాలి,
జాలి లోపల పదహారు మడుల మక్క.
గేటు మీద ఎర్రరంగు బోర్డు:
ఇది ప్రభుత్వ భూమి. అన్యులకు ప్రవేశం లేదు.
నా కొలువు ఆ బోర్డు నీడల.
ఒక స్టూలు, ఒక రిజిస్టరు,
నీడ జరిగినప్పుడల్లా నేనూ జరుగుడు.

ఈ మక్కను కత్తెర పురుగు తింటే
మూడో నాటికి ముడుచుకపోతదట.
నమ్ముతా.
మా అన్న కొమురెల్లి, నవాబుపేట కాడ,
ఎకరంన్నర మక్కల సుడి సుడికీ ఇసుక పోసి,
పురుగును వేళ్లతోని ఏరి ఏరి,
ఆఖరికి కొట్టిన మందు పురుగుకెక్కక తనకెక్కి
మూడు రోజులు గంజి కూడ కడుపుల నిలువలేదు.
అందుకే ఈ విత్తనం పాపిష్టిదని
నా నోట రాదు.
అమృతమని కూడ రాదు.
నాకు వచ్చింది టేపు పట్టుడు.

చుట్టూ రెండు వందల మీటర్ల దాక
ఇంకో మక్క పూత పుయ్యొద్దని రూలు.
ఉత్తరాన రోడ్డు, పడమట జామతోట,
దక్షిణాన బీడు, బీడు మీద
శంషాబాదుకు దిగే విమానాల మోత.
తూర్పు దిక్కు నూట తొంభై ఆరు కాడ
టేపు నాలా ఒడ్డున ఆగింది.
అక్కడ తస్లీమ్ బీ మక్క.
నాలుగు సాల్లు,
చీరె ఆరేసినంత జాగ.
వానకాలం సాయంత్రాలు ఆరాంఘర్ చౌరస్తాల
బొగ్గుల మీద కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పుకారం రుద్ది
ఆమె అమ్మే కంకులు అవే.
అది కూడ సర్కారు జాగనే.

నాలుగు మీటర్లు.
డాక్టర్ సుమేధ మేడంకు కండ్ల కింద నలుపు,
తొమ్మిదేండ్ల చదువు ఆ మడులల్ల ఉంది.
"మంచి పని కాదని తెలుసు మల్కయ్యా,
అయినా పీకించు" అన్నది.
పీకించలేదు. నేనే పీకిన.
పీచు వెడలిన లేత కంకులు,
ఇంకో వారమైతే పాలు పోసుకునేటియి.
తస్లీమ్ బీ ఏడ్వలేదు.
వేర్ల మన్ను దులిపి మేక ముందర వేసుకుంట
ఒక్క మాట అడిగింది:
"మీది సర్కారు జాగల ఉంటే పరీక్ష,
నాది ఉంటే కబ్జానా, సాబ్?"

లక్డీకాపూల్‌ల మీటింగయింది,
ప్రజల భూమిల ఇసొంటి పంట వెయ్యొచ్చునా అని.
నేను నీళ్ల సీసాలు పంచిన.
ఒకరు ఆకలి అన్నరు, ఒకరు విషం అన్నరు.
దిగుబడి, పుప్పొడి, పేటెంటు.
ఇద్దరు కుర్చీలు జరిపి లేచిన్రు.
ప్రజ అనే మాట పదకొండు సార్లు విన్న,
లెక్కపెట్టుడు నా అలవాటు.
ఆ ప్రజ నాలా ఒడ్డున ఉంటదని,
ఆమెకో మేక ఉందని
చెప్దామని లేచిన.
ఎవరో ఖాళీ సీసా చేతికిచ్చిన్రు.

కోతనాడు కంకులు ఎంచినం.
రెండు వేల మూడు వందల నాలుగు రావాలె.
ఒకటి తక్కువ.
మళ్లా ఎంచినం. ఒకటి తక్కువ.
నెమలి ఎత్తుకపోయిందని నేను,
కాదు ఉడుతని భద్రయ్య.
మేడం రాత్రి తొమ్మిది దాక టార్చి పట్టుకొని వెతికింది.
మిగిలినయి గుంతల వేసి కాల్చినం.
కాలే మక్క వాసనకు
అందరికీ నోరూరింది.
ఎవరం మాట్లాడలే.

తొలకరి పడ్డది.
నాలా ఒడ్డున, పాత సాల్ల నడుమ
ఒక్కటే మక్క, మోకాలెత్తు.
తస్లీమ్ బీ మూటల నుంచి జారిన విత్తా,
మా తప్పిపోయిన కంకిదా,
మట్టినడిగితే చెప్తదా?
ఎవరిదైనా పీకాలె, రిజిస్టరుల అట్లనే ఉంది.

గొంతుకు కూసున్న.
పురుగు పట్టి ఉంటే ఆమెది.
పట్టకుంటే మాది.
రెండు వేళ్లతోని సుడి మెల్లగ విప్పుతున్న.
కొమురెల్లి చూస్తే చెంప పగలగొడతడు,
ఒక్క పురుగన్న బతికి ఉండాలెనని
లోపల మొక్కుకుంటున్న.