సాన బండి

బరువు లెక్కన కొన్నాను.
పద్నాలుగు కిలోలు, మట్టితో సహా.
మట్టి తూకం తీసెయ్యవయ్యా అంటే
ఆటోనగర్ పాత ఇనుము కొట్టు వీర్రాఘవులు
"అది మట్టి కాదు, బుడమేరు" అన్నాడు.

వరదలో మునిగిన బ్యాటరీ స్కూటరు
వెనక చక్రం అది.
మోటారంతా చక్రం కడుపులోనే ఉంటుంది.
మూత విప్పితే
తీగచుట్ల మధ్య ఒక నత్తగుల్ల.
ఎవరి గుమ్మం ముందు ఎక్కిందో,
టిక్కెట్టు లేకుండా ఇంత దూరం వచ్చింది.

కిరసనాయిలుతో కడిగాను. ఎండలో పెట్టాను.
బేరింగులు రెండూ మార్చాను.
పసుపు, పచ్చ, నీలం మూడు తీగలూ
ఒక్కచోట ముడేసి చేత్తో తిప్పితే
చక్రం బిగుసుకుంది, మొండిపిల్ల చెయ్యిలా.
ముడి విప్పితే వదులైంది.
అంటే బతికే ఉంది.
పాతికేళ్ళుగా మోటార్లకు చుట్లు చుడుతున్నదాన్ని,
నాకు నాడి తెలుసు.

ఇదంతా బాజీ తాత మోకాలి కోసం.

తాతది సాన బండి.
స్టాండు వేసి తొక్కితే
వెనక చక్రం నుంచి బెల్టు, బెల్టు నుంచి రాయి,
రాయి నుంచి నిప్పురవ్వలు.
స్టాండు తీసి తొక్కితే సత్యనారాయణపురం, వించిపేట,
వాటికి ముందు సింగ్ నగర్ ఫ్లైఓవరు.
తాత దాన్ని ఫ్లైఓవరు అనడు, కొండ అంటాడు.
"దుర్గమ్మ కొండకి మెట్లన్నా ఉన్నాయి తల్లీ,
దీనికి అవి కూడా లేవు."

లేతు పని ఏసోబు చేసిపెట్టాడు.
స్కూటరు రిమ్ము కోసి, అంచుకి ముప్పై ఆరు బెజ్జాలు వేస్తే
సైకిలు రిమ్ముకి చువ్వలు నేను అల్లాను.
ఏదో ఆసుపత్రి యూపీఎస్ లోంచి తీసేసిన బ్యాటరీలు నాలుగు,
వాటికి బిస్కెట్ల డబ్బా ఇల్లు.
యాక్సిలేటరు హ్యాండిలుకి, గంట పక్కన.

మొదటిరోజు తాత కొండెక్కాడు.
వెనక నేను స్కూటీ మీద, పానా ఒళ్ళో పెట్టుకుని.
సగం దాకా కాళ్ళు ఊరికే తిరిగాయి, అలవాటు ప్రకారం.
తర్వాత ఆగాయి.
పైకి చేరాక బండి ఆపి
కింద రైలు పట్టాలకేసి, అవతలి మేడలకేసి చూసి
"ఇక్కణ్ణించి ఊరు ఇలా ఉంటుందా" అన్నాడు.
ఇన్నేళ్ళూ దాటాడు, తల వంచుకుని.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు.
ముఖం బాగాలేదు.
సంచిలోంచి గుడ్డలో చుట్టిన కత్తి తీశాడు.
మటన్ కొట్టు ఖాదర్ వలీది, వాళ్ళ నాన్న నాటిది.
అంచు పొడుగునా నీలం. నెమలి మెడ నీలం.
చూడ్డానికి బాగుంది. ఉల్లిపాయ కూడా తెగదు.

"కాలితో తొక్కేటప్పుడు
కత్తి వేడెక్కితే వేలికి తెలిసేది,
వేలు కాలికి చెప్పేది.
ఇది ఎవరి మాటా వినదమ్మా.
తిరగమంటే తిరుగుతుంది, అంతే."

వేగం తగ్గిస్తానన్నాను.
రెగ్యులేటరు పెడతానన్నాను.
తల అడ్డంగా ఊపాడు.
"ఉన్నది తీసెయ్యకు. ఆపేదొకటి పెట్టు."

అరవై రూపాయల మీట.
కొండకి కరెంటు, కత్తికి కాలు.
ఒప్పందం.

ఆ నీలమంతా పోయేదాకా
రెండు రోజులు తొక్కాడట.
కత్తి గోరంత సన్నబడింది.
ఖాదర్ వలీ ఇంకా మాట్లాడ్డం లేదట.
మోకాలు మళ్ళీ నొప్పెడుతోందా అంటే
"ఇది కత్తి నొప్పి, కొండ నొప్పి కాదు" అంటాడు.
నాకు తేడా తెలియదు.

డబ్బులు వద్దన్నానని
మంగళవారం మంగళవారం వచ్చి
అడక్కుండానే నా కత్తెర పట్టుకుపోతాడు.
కొట్టు ముందు స్టాండు వేసి, మీట కిందికి నొక్కి
తొక్కుతాడు.
లోపల నేను చుట్లు లెక్కపెట్టుకుంటుంటాను.
నూట నలభై, నూట నలభై ఒకటి...
సాన చప్పుడు కాస్త నెమ్మదిస్తే
ఇనుము వేడెక్కిందని నాకూ తెలిసిపోతుంది.
అక్కడితో లెక్క తప్పుతుంది.
మళ్ళీ మొదటినుంచి.