దళసరి కాగితం

బస్సు దిగగానే పిల్లలందరిదీ ఒకటే ప్రశ్న:
"సముద్రం ఏదీ?"
లేయిదా చేతికర్ర ఎత్తి చూపించింది.
నాచు అంచుల మధ్య నల్లటి మడుగు,
ఇరవై అడుగులేస్తే అవతలి ఒడ్డు.
"ఇంతేనా!" అన్నాడొకడు, మోసపోయిన గొంతుతో.
"ఎలుకంత అయి చూడు," అందామె, "అప్పుడు చెప్పు."
వాడు నిజంగానే చెక్కబాట మీద బోర్లా పడుకున్నాడు,
గడ్డం పలకకి ఆనించి.
చాలాసేపు లేవలేదు.

ఎస్టోనియాలో ఈ చిత్తడినేల పేరు కుర్గసో.
బెగ్గురు కొంగలు దిగే చోటు.
చెక్క గరిటెను పడవ చేసుకుని
ఉత్తరాలు చేరవేసే నీటి ఎలుక ముగ్రి
పుట్టింది ఇక్కడే.
నేను మాత్రం వాణ్ణి కలిసింది టార్టూలో,
అయిదో అంతస్తు వంటగదిలో.
బస్సు డిపో నుంచి వచ్చిన నాన్న
గోళ్ళలో గ్రీజు అంటకుండా
అంచులు పట్టి పేజీలు తిప్పేవాడు.
వాక్యం చివర, స్టాపు వచ్చినట్టు, ఆగి
నేను నిద్రలోకి దిగిపోయానో లేదో చూసుకుని
మళ్ళీ కదిలేవాడు.

ఆ శీతాకాలం
తలుపు వెనక కొక్కేనికి అమ్మ కోటు లేదు.
ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

లేయిదా ఒక్కొక్కటే చూపిస్తూ నడుస్తోంది.
తపాలా పెట్టె అయిన బోలు మొద్దు.
కప్ప తీర్పులు చెప్పే గడ్డిదుబ్బు.
వందేళ్ళున్నా నా భుజం దాటని పైన్ చెట్లు,
కథలో వాటినే రాక్షసులన్నారు.
చుట్టాలింట్లో ఫోటోలు చూస్తున్నట్టు
ఆమెకన్నా ముందే పేర్లు చెప్పేస్తున్నాను.

అప్పుడొక బూడిదరంగు రాయి దగ్గర ఆగి
గొంతు తగ్గించింది.
"ఇదే మూడు రాత్రుల రాయి."
అంతసేపూ తోసుకున్న పిల్లలు
ఒకరి వెనక ఒకరు వచ్చి దాన్ని తాకి వెళ్ళారు.

"ఈ రాయి కథలో లేదే," అన్నాను.
మిర్టెల్ అనే పిల్ల నన్ను జాలిగా చూసింది.
"వాళ్ళమ్మ వస్తుందని మూడు రాత్రులు కూర్చున్నాడుగా!
నాలుగో రోజు గరిటె తీసుకుని తనే బయల్దేరాడుగా!
అందుకేగా ఉత్తరాలు మోసేది!"

అందుకేగా.
ఎందుకని నేనెప్పుడూ అడగనే లేదు.

సంచిలోంచి పుస్తకం తీశాను.
వెన్ను విరిగితే నాన్న చెప్పుల దారంతో కుట్టింది.
ఇరవై ఒకటి తర్వాత ఇరవై నాలుగు.
చిన్నప్పుడు వేలికి తెలిసేది
ఆ ఒక్క కాగితం దళసరి అని.
పుస్తకాలు అలాగే ఉంటాయనుకున్నాను,
రొట్టె ఒకవైపు మాడినట్టు.

ఎత్తి ఆకాశానికి పట్టాను.
లోపల అక్షరాలు తిరగబడి, ఒకదాని మీదొకటి ఎక్కి,
మధ్యలో గుండ్రటి మచ్చ, రాయే కావచ్చు.
అంచుల వెంట ఉడికించిన పిండి జిగురు
పచ్చబారి, ఎక్కడా సందు లేకుండా.
నేను పడుకున్నాక పూసి ఉంటాడు.
ఆరేదాకా దేని బరువు పెట్టాడో,
ఇస్త్రీపెట్టేనా?

లేయిదా చూసింది, ఏమీ అనలేదు.
పుట్టగొడుగులు కోసే చిన్న కత్తి తీసి
పిడి నావైపు తిప్పి చాచింది.

తీసుకోలేదు.
తుంపర మొదలైంది.
కాగితం మూల ఒక చుక్క పడి
జిగురు కాస్త మెత్తబడింది.
పుస్తకాన్ని గబగబా కోటు లోపల పెట్టి
గుండీలన్నీ వేసుకుని
మిర్టెల్‌ని అడిగాను:
"మూడో రాత్రి చలేసిందా వాడికి?"

"లేదు, రాయి వెచ్చగా ఉండింది.
పగటి ఎండ దాచుకుంది కదా.
అది కూడా తెలీదా?"

చేతితొడుగు తీసి ముట్టుకున్నాను.
చల్లగానే ఉంది.
కాసేపు చెయ్యి అలాగే ఉంచాను.