ఇరవై మూడో పోర్టు

గురువారం రాత్రి, సోహార్.
తెల్లారితే సెలవని క్యాంపంతా ఫోన్లు పట్టుకున్న వేళ
నెట్టు పోయింది.
నాలుగొందల మంది మంచాలు దిగి
వరండాల్లోకొచ్చి నిలబడ్డ చప్పుడు
గేటు బయట కారాపుతున్న నాకు వినిపించింది.

సలీం బలూషీ తాళాలగుత్తి నా చేతిలో పడేసి
"యా ముహందిస్, త్వరగా" అన్నాడు.
నేను ఇంజనీర్ని కాను.
మెట్‌పల్లిలో ఐటీఐ, ఇక్కడ తొమ్మిదేళ్లు కేబుళ్లు లాగిన భుజం.
ఆ పిలుపొక్కటే ఈ సముద్రపొడ్డున ఉచితంగా దొరికింది.

రాక్ తలుపు తీస్తే
దీపాలన్నీ ఒక్కటే పిచ్చిగా కొట్టుకుంటున్నాయి.
ఎక్కడో ఒక తీగ తిరిగి తన దగ్గరికే వచ్చింది.
"ఈ అడ్రసు ఎవరిది?" అని అడిగిన చిన్న ప్యాకెట్టు
తన కేక తానే విని, మళ్లీ కేకేసి,
ఒకటి వేలై, వేలు కోట్లై
తొవ్వంతా తానే నిండిపోయింది.
జవాబు తెలిసినవాడికి నోరు తెరిచే సందు లేదు.
మా సూపర్‌వైజర్ల మీటింగుల్లో చూశాను ఇట్లాంటిది.

మెస్ హాల్లో, టేబుల్ కింద దొరికింది:
నీలం తీగ, రెండు కొసలూ పక్కపక్క సాకెట్లలో.
"ఎవరు పెట్టారిది?"
వెనక నుంచి లింబాద్రి ముందుకొచ్చాడు.
"నేనే సార్. కిందవడి ఉండె.
ఎవడన్న తట్టుకొని పడతడని సదిరి పెట్టిన."

ఎనభై మీటర్ల ఎత్తున స్కఫోల్డింగ్ కట్టే మనిషి.
వేలాడే కొసను చూస్తే ఆ చేతులు ఊరుకోవు.
పైన, వదిలేసిన కొస అంటే ఎవడిదో ప్రాణం.
నేనేమనగలను.
తీగ ఊడబీకి అతనికే ఇచ్చాను.
చుట్ట చుట్టి, కొసలు లోపలికి దోపి, ముడేశాడు.

లాప్‌టాప్ కందిపప్పు బస్తా మీద.
స్పానింగ్ ట్రీని ఎవడో ఎప్పుడో ఆపేసి పోయాడు.
ఆన్ చేశాను.
రాజెవరో చూద్దును కదా,
రొట్టెల పొయ్యి వెనక పదమూడేళ్ల ముసలి స్విచ్చి!
ఎవరికీ ఏ అంకే రాసిపెట్టకపోతే అందరూ సమానమే.
సమానమైతే పుట్టుక నంబరు చూస్తారు,
తక్కువదానిదే గద్దె. పాతదానిదే తక్కువ.
దాన్ని వేరు అంటారు, మట్టి అడగని వేరు.
క్యాంపు మాటలన్నీ ఇక ప్రఫుల్ల చల్లిన గోధుమపిండిలోంచి
దగ్గుకుంటూ పోవాలన్నమాట.

ఆఫీసు గది స్విచ్చికి
నాలుగు వేల తొంభై ఆరు అని కొట్టాను.
చిన్న అంకె గెలిచే చోటు
నా బతుకులో ఇదొక్కటే చూశాను.

పోర్టులు వెంటనే మాట్లాడవు.
పదిహేను సెకన్లు వినాలి.
పదిహేను సెకన్లు, ఎవరెక్కడున్నారో నేర్వాలి.
ఆ తర్వాతే ఆకుపచ్చ.
నాకు వినడానికే రెండేళ్లు పట్టింది.
'ఖలాస్' అంటే పని అయిపోయిందనా
నేను అయిపోయాననా
ఇప్పటికీ మొహం చూసి పోల్చుకుంటాను.

ఒక్కొక్కటే పచ్చబడ్డాయి.
ఇరవై మూడోది మాత్రం నారింజ రంగులోనే ఆగింది.
"అది ఖరాబైందా సార్?" లింబాద్రి ఇంకా పోలేదు.
"లేదు. సి బ్లాకు నుంచి రెండు దారులున్నయి.
ఒకటి నడుస్తది, ఇది ఆగి ఉంటది.
అది తెగితే ఇది లేస్తది."
అతను భుజం తడుముకున్నాడు.
"మా బెల్టుకు రెండో హుక్కు తీరు."
"అంతే."
"బరువు మొయ్యదు గని సార్,
దాన్ని గూడ పొద్దుగాల్ల చూస్తరు."

చూస్తారు.
రెండు సెకన్లకోసారి వేరు దగ్గర్నుంచి ఒక హలో వస్తుంది.
అది బదులివ్వదు. వింటుంది.

అప్పటికే వరండాలో మొదలైంది:
"ఆఁ... వినవడుతుందా? ఇప్పుడు?"
బెంగాలీలో, నేపాలీలో, భోజ్‌పురిలో,
నాకు తెలియని ఇంకెన్నింటిలోనో అదే ప్రశ్న.
ఒక్కోటి ఒక్కసారే వెళ్లి
తన మనిషిని చేరుతోంది.

సలీం ఫారం ఇచ్చాడు. 'కారణం' దగ్గర ఖాళీ గడి.
లింబాద్రి బల్లలు తుడుస్తున్నాడు, ఎవరూ చెప్పకుండానే.
తేమ, అని రాశాను.
ఆగస్టులో, సోహార్‌లో,
ఆ మాటని ఎవరూ తిరిగి అడగరు.