ఖాళీ ఫిల్టరు

కోపెన్‌హేగెన్‌లో రైల్వే స్టేషను వెనక వీధి.
డిసెంబరు. మూడున్నరకే చీకటి.
రెండో అంతస్తులో గాజు తలుపుల గది:
ఆరు స్టీలు బల్లలు, ఆరు కుర్చీలు,
గోడలో గురక పెట్టే ఎగ్జాస్ట్ ఫ్యాను.
ఇక్కడ పొగ పీల్చడానికి అనుమతి ఉంది.
పీల్చాక మనిషి పక్కకి ఒరిగితే
పరిగెత్తుకొచ్చే నర్సు ఉంది.

నేను వచ్చింది గాలిని తూయడానికి.

గోడకి ఒక పంపు, దాని నోట్లో తెల్లటి ఫిల్టరు,
అరచేతి గుంటలో ఇమిడేంత.
ఎనిమిది గంటలయ్యాక తీస్తాను.
అప్పటికది పలచని టీ రంగు.
ల్యాబులో తూస్తాను, ఊపిరి బిగబట్టి,
ఎందుకంటే ఆ త్రాసుకి నా ఊపిరి కూడా బరువే.

నర్సులకి ఇదెంత హాని అని
నగరపాలక సంఘం అడిగింది.
పీల్చేవాళ్ళకి ఇదెంత మేలు అని
మా సిగ్నె అడుగుతోంది,
నలభై రెండు ప్రశ్నల కాగితం పట్టుకుని.
నన్నెవరూ ఏమీ అడగలేదు.

నాలుగో బల్ల బోదిల్‌ది.
ఇరవయ్యేళ్ళు సిటీ బస్సు నడిపిందట,
ఇప్పటికీ కూర్చునే ముందు
కుర్చీని వెనక్కీ ముందుకీ సర్దుకుంటుంది.
"మెట్ల కింద పీల్చేటప్పుడు
ఒక చెవి ఎప్పుడూ తలుపు మీదే.
ఎవరైనా వస్తారని గబగబా లాగితే
కాలే గొట్టం పెదవికి అంటుకునేది."
పెదవి చూపించింది.
మానిన మచ్చ, మెంతి గింజంత.
సిగ్నె రాసుకుంది: కాలిన గాయం, పాతది, ఒకటి.

సూది మానేసి రెండేళ్ళట.
మొన్న రక్తపరీక్షలో
నర్సుకి మొదటి పోటుకే నరం దొరికిందని
మోచేతి మడత చాచి చూపించింది,
కొత్త గాజులు చూపించినట్టు.

గొట్టంలో గట్టిగా ఊదమన్నాం.
రెండు వందల పది.
ఉండాల్సింది మూడు వందల ఎనభై.
"బస్సయితే ఈపాటికి డిపోకి పంపేవాళ్ళు," అని నవ్వింది.
నవ్వు దగ్గయింది.
దగ్గు ఆగేసరికి ఫ్యాను చప్పుడొక్కటే మిగిలింది.

"నీ ఫిల్టరులో నా వంతెంత?"
విడదీయలేను, అన్నాను.
ఆరుగురి పొగా, నర్సు పూసుకున్న సెంటూ,
వీధిలోంచి ఎక్కొచ్చిన డీజిలూ
అన్నీ కలిసి ఒకటే మరక.
"డీజిలు నాదే అయ్యుంటుంది," అంది.

జనవరిలో మూడు సోమవారాలు ఆమె రాలేదు.
సిగ్నె కాగితంలో దానికో గడి ఉంది:
అందుబాటులో లేరు.
ఆ మూడు ఫిల్టర్లూ తూచాను.
కొంచెం తేలిక.
లెక్కల్లో అంత కొంచెం అంటే ఏమీ కాదు,
కిటికీ బయట గాలి వాలు మారినా వస్తుంది.
అయినా మళ్ళీ తూచాను.

నాలుగో సోమవారం వచ్చింది,
ఛాతీ వార్డు ఇచ్చిన మందుల సంచితో,
నా కుర్చీ ఎవరు జరిపారని తగువు పెట్టుకుంటూ.
ఊదింది. రెండు వందల ముప్పై.
ఇరవై పెద్ద తేడా కాదు,
పరికరం పొరపాటు కూడా కావచ్చు, అంది సిగ్నె.
బోదిల్ వినలేదు.
అప్పటికే లైటరు వెలిగిస్తోంది,
తొందర లేకుండా,
తలుపు వైపు చూడకుండా.

ప్రతి వారం ఒక ఖాళీ ఫిల్టరు కూడా తెస్తాను.
మూత తియ్యను, పంపుకి తగిలించను.
గదిలో ఓ మూల ఊరికే ఉండి
మళ్ళీ నాతో వెనక్కి వచ్చేస్తుంది.
మిగతా వాటి బరువుని సరిచూసుకోవడానికి అది.
అది మారకూడదు.

ఆ రాత్రి తూచాను.
మూడు మైక్రోగ్రాములు పెరిగింది.
తేమ, అని రాశాను.
రాసి,
బిగబట్టిన ఊపిరి వదలడం మర్చిపోయి
కాసేపు ఆ అంకె వంకే చూస్తూ కూర్చున్నాను.